లాటిన్‌లో ‘ఫలానా రాజు కూతురు’ అని ఎలా అంటారు?

లాటిన్ సొంతంగా నేర్చుకుంటున్నాను, ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మనకు దశరథుడి కొడుకు దాశరథి అయినట్టే అక్కడా పురాణ రాజుల పిల్లలకు తండ్రి పేరు మీదే పేర్లు వస్తాయి కదా, ట్రాయ్ రాజు ప్రియముస్ కొడుకు ప్రియమిదేస్, అత్రేయుస్ కొడుకు అత్రిదేస్, ట్రాయ్ వీరుడు ఐనియాస్ వెంట వచ్చిన ట్రోజన్లందరూ (ట్రాయ్ వాళ్లు) రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ‘ఐనియదే’ అవుతారు. ఈ ‘-దేస్’ ప్రత్యయం గ్రీకు నుంచి తెచ్చుకున్నదని అర్థమైంది, నాకు భలే నచ్చింది కూడా.

కూతుళ్ల దగ్గరే తికమక. టాంటలుస్ కూతురు నియోబీ టాంటలిస్ అయితే, ప్రియముస్ కూతురు కసాండ్రా మాత్రం ప్రియమేయిస్ ఎందుకైంది? జానకి, ద్రౌపదిలా ఒకే సూత్రం ఉందా, లేక ఛందస్సు కోసం కవులు మార్చుకున్నారా? లాటినుస్ కూతురు లవీనియాను ఇలాగే పిలవాలంటే ఏమనాలి? షష్ఠీ విభక్తి రూపం కూడా చెప్తే చాలా మేలు.