వెట్టి మీద థీసిస్‌లో నవలను ఆధారంగా చూపొచ్చా?

తార్నాక_స్కాలర్:
నమస్తే అందరికీ. ఇక్కడే హైదరాబాద్‌లో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నా. నిజాం రాష్ట్రం చివరి రోజుల్లో వెట్టి, దాని వెనకాలే వచ్చిన 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం, ఇదీ టాపిక్. ఒక చాప్టర్‌లో వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ బాగానే వాడాను. గైడ్ గారు పక్కన పెన్సిల్‌తో "ఇది హిస్టరీ డిపార్ట్‌మెంటేనా?" అని రాసి వెనక్కి పంపారు. తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లనడిగితే నవలను పోలీస్ రిపోర్టులా చదవకు అంటారు, సోషల్ పాలసీ చదివే ఫ్రెండేమో నంబర్లు లేకపోతే ఎవరు నమ్ముతారంటాడు. ముగ్గురి మధ్యా నలిగిపోతున్నా. చాప్టర్ తీసేయాలా, ఉంచితే ఎలా ఉంచాలి?

పాత_దస్తావేజు:
తమ్ముడూ, మీ గైడ్‌ని మరీ తిట్టుకోకు. ఫలానా ఊళ్లో ఫలానా ఏడు దొర ఇంతమందితో వెట్టి చేయించాడు అని చెప్పడానికి నవల పనికిరాదు, అంతే. దానికి నీ గుమ్మం ముందే స్టేట్ ఆర్కైవ్స్ ఉంది కదా, తార్నాకలోనే. కాకపోతే ఆ కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, ఇంకా పాతవైతే ఫార్సీలో ఉంటాయి, అందుకే మన తెలుగు పిల్లలు అటువైపు పోకుండా నవలల మీద పడతారు (నీ సంగతి కాదులే, మామూలుగా చెప్తున్నా). ఉర్దూ వచ్చేలోగా ఇంగ్లీషులో ఉన్నవి చూడు. 1929–30లో కేశవ అయ్యంగార్ ఊరూరా చేయించిన ఆర్థిక సర్వే సంపుటాలున్నాయి, 1949–51లో ఆయనే మళ్లీ చేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే మధ్యలో ఏం మారిందో తెలుస్తుంది. వెట్టి మీద ఆంధ్ర జనసంఘం (నిజాం రాష్ట్రంలో తెలుగువాళ్ల సంఘం) వేసిన చిన్న పుస్తకాలు, 1926లో మొదలైన గోలకొండ పత్రిక పాత సంచికలు కూడా చూడాలి. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత తెలుగు పుస్తకాల నిధే ఉంది, అక్కడ మొదలుపెట్టు. నవల చివర్న చూసుకోవచ్చు.

చిక్కడపల్లి_టీచర్:
చివర్న ఎందుకండీ? సాహిత్యం నుంచి చరిత్ర రాయకూడదంటే సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేసినట్టు? 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల్ని పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం జూదాలాడారు అని కావ్యాల్లోంచే ఏరి రాశారు. 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దానికే వచ్చింది. అలాగని కావ్యంలో ఉన్నదంతా నిజమని కాదు, ఏ పురవర్ణన తీసినా అవే అగడ్తలు, అవే ఏనుగులు. కవి మామూలుగా అనేసే మాట ఏది, పనిగట్టుకుని చెప్పింది ఏది అని విడదీయడం రావాలి. ఆ పని తెలుగు వాళ్లకు బాగా వచ్చు, హిస్టరీ వాళ్లు మమ్మల్ని అడగరు, అది వేరే సంగతి.

స్కాలర్ గారూ, మీ చాప్టర్‌లో నాకు భయం వేసేది ఇంకోటి. ఆ రెండు నవలల్నీ ఒకే గాటన కట్టేసి ఉంటారు. ఆళ్వారుస్వామి ఉద్యమంలో ఉన్న మనిషి, దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊళ్లు తిరిగి పుస్తకాలు అమ్మినవాడు, జైలుకు పోయినవాడు. ఆయన రాసిందాంట్లో ఏం మారాలో కూడా ఉంటుంది. రంగాచార్య గారి నవల వచ్చింది అరవైల చివర, కథ నడిచేదేమో నిజాం కాలంలో. అంటే దశాబ్దాల తర్వాతి జ్ఞాపకం అది. దొర గడీలో, అంటే ఆ కోటలాంటి ఇంట్లో, ఆడబాపల (దొరసాని వెంట పుట్టింటి నుంచి వచ్చిన దాసీల) బతుకు మీద ఆయన అంత సేపు ఆగడం నిజాం కాలం గురించి ఎంత చెప్తుందో, రాసినప్పటి తెలంగాణ ఏం గుర్తుపెట్టుకోవాలనుకుందో కూడా అంతే చెప్తుంది. ఈ తేడా ఒక పేజీలో రాయండి, మీ గైడ్ నోరు సగం మూతపడుతుంది.

కౌలు_ఖాతా:
నంబర్లు అడిగిన ఫ్రెండ్‌కి నేను చెప్తా. 1950 చట్టం కింద రక్షిత కౌలుదారులని (ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేని వాళ్లని) లిస్టులు తయారుచేశారు కదా, వాళ్లు తర్వాత ఏమయ్యారో ఎ.ఎం. ఖుస్రో స్టడీ చేసి 1958లో పుస్తకం వేశారు, ఉస్మానియా యూనివర్సిటీ తరఫున. అందులో లెక్కలు చూడు. భూమి కొనుక్కున్నవాళ్లు కొందరు, చట్టప్రకారం ఖాళీ చేయించినవాళ్లు చాలా కొద్దిమంది, చట్టానికి విరుద్ధంగా వెళ్లగొట్టబడ్డవాళ్లు బోలెడు, వీళ్లుగాక తమంతట తామే వదులుకున్నామన్న వాళ్లు ఇంకో పెద్ద గుంపు. పట్టికలో ఆ చివరి వరుస చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. ఏళ్ల తరబడి దున్నుకుంటున్న చెలక, చట్టం చేతికొచ్చిన టైములో, ఎవడైనా ఇష్టంగా వదులుకుంటాడా? పటేలూ ఆ దొర మనిషే, పట్వారీ రాసిందే లెక్క, కరువొస్తే నాగుకి (వడ్డీ అప్పుకి) గింజలు తెచ్చుకునేదీ ఆ గడీ నుంచే, రేపు పంటకు ఒకటికి ఒకటిన్నర కొలవాలి. అట్లాంటోడు కాగితం మీద వేలిముద్ర వేశాడంటే దాని వెనక ఏం జరిగిందో పట్టికలో ఉండదు. నీ నవలలకు పని అక్కడ. లెక్క ముందు పెట్టు, ఆ వరుస దగ్గర ఆగు, అప్పుడు గడీ ముందు మనిషి ఎట్ల నిలబడేవాడో నవలలోంచి చూపించు. అది రుజువు కాదు, ఆ లెక్కని ఎట్ల చదవాలో చెప్పడం. మీ గైడ్‌కి అభ్యంతరం ఉంటుందనుకోను.

బర్కత్‌పురా_అక్క:
అందరూ బాగానే చెప్పారు కానీ ఈ రాసినవాళ్లూ లెక్కపెట్టినవాళ్లూ అందరూ చదువుకున్న మగవాళ్లే. గడీలో వెట్టి చేసిన ఆడవాళ్లు వీటిలో మాట్లాడరు, వాళ్ల గురించి ఎవరో మాట్లాడతారు. స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మహిళల్ని కూర్చోబెట్టి చెప్పించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేశారు. పోరాటం అయ్యాక ఇళ్లకు పొమ్మంటే ఎట్లుండెనో వాళ్ల నోటే ఉంది. అదీ తర్వాతి జ్ఞాపకమే కాబట్టి టీచర్ గారు నవలకు చెప్పిన జాగ్రత్తే దీనికీ పెట్టుకో. ఆడబాపల పేజీ రాసేముందు మాత్రం ఇది చదవకుండా రాయకు.

తార్నాక_స్కాలర్:
అందరికీ చాలా థ్యాంక్స్. చాప్టర్ తీసేయను, తిరగేస్తున్నా. ఖుస్రో లెక్కతో మొదలుపెట్టి నవలలు తర్వాత, రెండింటికీ వేర్వేరు సెక్షన్లు. పాత దస్తావేజు అన్నా, ఉర్దూ మాట మీరన్నాక ఇక తప్పేట్టు లేదు. మాట్లాడతా, చదవడం రాదు, అందులోనూ ఆ చేతిరాత షికస్తా చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. రికార్డులు చదివేంత వరకు సాయంత్రాలు నేర్పేవాళ్లు సికింద్రాబాద్ వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి.

పాత_దస్తావేజు:
ముందు అచ్చు ఉర్దూ పట్టుకో, జరీదా అంటే సర్కారు గెజిట్, అది అచ్చులోనే ఉంటుంది. షికస్తా సంగతి తర్వాత. మెసేజ్ పెట్టు, తెలిసిన మౌల్వీ సాబ్ ఒకాయన ఉన్నారు, అడిగి చూస్తా.