ఓపెన్ ఆపరేషన్ల వీడియో: కోత చోటు తెల్లగా వెలిసిపోతోంది

ప్రశ్న (రామ్‌నగర్ సర్జన్):
విశాఖపట్నం రామ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ సర్జరీ విభాగంలో పనిచేస్తున్నాను. ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్) కేసుల రికార్డింగులో మాకు చిక్కు లేదు. రికార్డరుకు పెన్‌డ్రైవ్ తగిలిస్తే లోపలి దృశ్యమంతా దానంతట అదే నిలవ అవుతుంది. తంటా అంతా పెద్ద కోత పెట్టి చేసే ఓపెన్ ఆపరేషన్లతోనే. గత వారం ఇంగ్వైనల్ (గజ్జలోని) హెర్నియాకు మెష్ (వల) వేసిన కేసును, జూనియర్లకు చూపించవచ్చునన్న ఆశతో, నుదుటికి కట్టుకున్న యాక్షన్ కెమెరాతో గంటసేపు తీశాను. తీరా చూస్తే ఆకుపచ్చ డ్రేపులు (రోగి మీద కప్పే గుడ్డలు) చక్కగా కనిపిస్తున్నాయి గాని కోత ఉన్న చోటు సున్నం కొట్టినట్టు ఉంది. స్పెర్మాటిక్ కార్డ్ (వృషణానికి వెళ్ళే నాళాల కట్ట) ఏదో, ఇలియోఇంగ్వైనల్ నరం ఏదో ఆపరేషన్ చేసిన నాకే తెలియలేదు. పైగా నేను తల తిప్పినప్పుడల్లా దృశ్యం ఊగిపోయి, చూసినవారికి కళ్ళు తిరిగాయి. మరొక సందేహం: ఆపరేషన్ అంగీకార పత్రంలో ‘విద్యా ప్రయోజనాల కోసం ఫోటోలు తీయవచ్చు’ అని ఒక వాక్యం ముందే అచ్చయి ఉంటుంది. రోగి ఆ పత్రం మీద చేసిన సంతకం వీడియోకు సరిపోతుందా?

జవాబు 1 (డాబా గార్డెన్స్ వీడియోగ్రాఫర్):
డాక్టర్ గారూ, నేను పెళ్ళిళ్ళ వీడియోలతో మొదలుపెట్టి, తరువాత వైద్య సదస్సుల కోసం ఆపరేషన్ థియేటర్లలో కూడా తీస్తున్నవాడిని. మీ కెమెరాలో లోపం లేదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం థియేటర్ దీపం కోత మధ్యలో 40,000 నుంచి 1,60,000 లక్సుల (వెలుగు కొలమానం) వెలుగు పోయాలి. కెమెరా మాత్రం ఫ్రేములో ఎక్కువ భాగం ఆక్రమించిన ముదురు డ్రేపులను చూసి ‘ఇక్కడ చీకటిగా ఉంది’ అనుకుని వెలుగును ఇంకా పెంచుకుంటుంది. చీకటి పందిరిలో ఫోకస్ లైటు కింద కూర్చున్న పెళ్ళికూతురి ముఖం తెల్లగా పోవడానికీ కారణం ఇదే. ఆటో ఎక్స్‌పోజర్ (కెమెరా తానే వెలుగు సర్దుకోవడం) తీసివేసి, వెలుగును కోత మీదే కొలిచి, అక్కడే లాక్ చేయండి. ఆ సౌకర్యం లేని కెమెరా అయితే ఎక్స్‌పోజర్‌ను ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) తగ్గించండి. డ్రేపులు నల్లబడినా నష్టం లేదు. కోత పెట్టకముందే, దీపం వెలుగులో ఒక పొడి గాజుగుడ్డను చూపి వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపును తెలుపుగా చూపే రంగుల సర్దుబాటును) కూడా లాక్ చేస్తే రక్తం నారింజ రంగుకు తిరగదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి, దీపాల మిణుకు పడకుండా, సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టుకోండి. అయినా కొన్ని ఎల్‌ఈడీ దీపాల కాంతి తగ్గించినప్పుడు చారలు వస్తాయి. అప్పుడు షట్టరును కొద్దిగా మార్చి చూడటమే మార్గం. తడి కండరం మీది మెరుపుకు పోలరైజింగ్ ఫిల్టరు బాగా పనిచేస్తుంది. అది కొంత వెలుగు మింగుతుంది గాని, మీ దగ్గర వెలుగుకు కొదవ లేదు కదా. అన్నిటికంటే ముందు కెమెరాను నుదుటి నుంచి దించండి. వైడ్ లెన్సులో నాలుగంగుళాల కోత చింతగింజంత కనిపిస్తుంది. స్టాండు మీద నుంచి, మీకు ఎదురువైపుగా, కొంచెం జూమ్ ఉన్న లెన్సుతో తీయండి.

జవాబు 2 (ఎం.వి.పి. కాలనీ మత్తు వైద్యురాలు):
కెమెరా సంగతి పై సోదరుడు చెప్పారు కాబట్టి, నేను బల్లకు తలవైపు కూర్చునేవారికి కనిపించేది చెబుతాను. హెర్నియా కేసులు చాలావరకు వెన్నులో మత్తు ఇచ్చి చేస్తాము. అంటే రోగి మెలకువగా ఉంటారు, మన మాటలన్నీ వింటారు. అందుచేత మైకును మొదటే ఆపివేయండి. రోగి పేరు, ఊరు, మనలో మనం విసుక్కున్న మాటలు అన్నీ అందులోకే పోతాయి. ఫ్రేము వెడల్పుగా ఉంటే మానిటరు మీది పేరు, మణికట్టు పట్టీ కూడా పడతాయి. ఒకసారి జాలరిపేట నుంచి వచ్చిన ఒకాయన ముంజేతి మీద తన పడవ పేరు పచ్చబొట్టుగా ఉంది. ముఖం కనిపించకపోయినా ఆ చేయి ఎవరిదో పేటంతా చెప్పగలదు. స్టాండు కోతకు సరిగ్గా పైన ఉండకూడదు, బిగింపును ముందే పరీక్షించాలి, స్క్రబ్ అయినవారెవరూ (చేతులు శుభ్రం చేసుకుని ఆపరేషన్‌కు సిద్ధమైనవారు) కెమెరాను తాకకూడదు. నొక్కడం, ఆపడం బయటి సహాయకుడి పని.

ఇక అంగీకారం. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి 7.17 ప్రకారం, రోగి ఎవరో తెలిసేలా ఫోటోలనుగాని కేసు వివరాలనుగాని అనుమతి లేకుండా పత్రికలో ప్రచురించకూడదు. గుర్తింపు బయటపడకపోతే అనుమతి అవసరం లేదు. ఆ రెండో భాగాన్ని పట్టుకుని చాలామంది నిశ్చింతగా ఉంటారు, నాకది నచ్చదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కోరే సమ్మతి ఫలానా ప్రయోజనానికని స్పష్టంగా ఉండాలి, రోగి దానిని వెనక్కి తీసుకోగలగాలి. అచ్చువేసిన ఆ ఒక్క వాక్యంలో ఆ స్పష్టత ఎక్కడుంది? వేరే కాగితం మీద, తెలుగులో, ముందురోజు వార్డులోనే అడగండి. థియేటర్ బల్ల మీద అడిగితే ఎవరు కాదంటారు?

జవాబు 3 (విశ్రాంత సర్జన్):
రికార్డు చేస్తే రేపు కోర్టులో మనకే చుట్టుకుంటుందని మా తరం వెనకాడింది. ఆ భయం పూర్తిగా తప్పని అనను. అయితే 2013లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 20 మంది బేరియాట్రిక్ (ఊబకాయానికి ఆపరేషన్ చేసే) సర్జన్ల వీడియోలను తోటి సర్జన్లు పేరు తెలియకుండా చూసి మార్కులు వేయగా, మార్కులలో అడుగు పావువంతు వారి రోగులలో 14.5 శాతం మందికి, పై పావువంతు వారి రోగులలో 5.2 శాతం మందికి చిక్కులు వచ్చాయని తేలింది. చేతిపని వీడియోలో కనబడుతుంది. కాబట్టి సదస్సు కోసం బాగా వచ్చిన అయిదు నిమిషాలు కత్తిరించుకునే ముందు, తడబడిన చోటు కూడా మీరొకసారి కూర్చుని చూడండి.

ప్రశ్నించినవారి జవాబు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్నటి రోగిని ముందురోజే అడిగాను. ‘మీ ఆసుపత్రిలో చూపించుకోండి బాబూ, ఫోన్లలో మాత్రం తిప్పొద్దు’ అన్నారు. కాగితం మీద అంతే రాసుకున్నాము. స్టాండు నా ఎదురువైపు పెట్టి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మైకు ఆపి తీశాము. నరం తెల్లని దారంలా స్పష్టంగా కనబడింది. మెష్ కుట్టే ఘట్టానికి వచ్చేసరికి మాత్రం నేను ముందుకు వంగాను. ఆ పదకొండు నిమిషాలూ తెర మీద ఉన్నది నా టోపీ ఒక్కటే.