‘ముద్దాయి’ ఎవరు? నేర నవలల్లో ఒక మాట వాడుక గురించి

దేవరకొండ నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న:
ఈ మధ్య నేను చదివిన ఒక నేర పరిశోధన నవలలో ఒకే మనిషిని ఒక పేజీలో అనుమానితుడని, మరొక పేజీలో ముద్దాయి అని, ఇంకొక చోట నేరస్థుడని రాశారు. ఈ మూడూ ఒకటేనా? అసలు ‘ముద్దాయి’ మన మాటేనా? తెలిసినవారు చెప్పగలరు.

నల్లగొండ నుంచి జవాబు:
మూడూ ఒకటి కావు. అవి వేరు వేరు కావడం మీదనే నేర నవల నిలబడుతుంది కనుక కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు ‘ముద్దాయి’ సంగతి చూద్దాం. ఇది అరబీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకు చేరిన మాట. మనం నిత్యం వాడే ‘దావా’కు ఏది మూలమో దీనికీ అదే మూలం. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, అనగా వాది. ఎవరి మీద దావా వేశారో అతడు ‘ముద్దా అలైహ్’. ‘అలైహ్’ అంటే ‘అతని మీద’ అని అర్థం. ఆ లెక్కన నేడు తెలుగులో మనం ఎవరిని ముద్దాయి అంటున్నామో అతడు అసలు ముద్దయీకి ఎదుటి పక్షం వాడు. పలకడానికి కష్టమైన ‘ముద్దా అలైహ్’ జనం నోట తోక తెగి ముద్దాయిగా నిలిచి ఉంటుందని నా ఊహ.

మా తాతగారు నల్లగొండలో ఒక వకీలు దగ్గర ముహర్రిరుగా, అంటే గుమాస్తాగా, పని చేసేవారు. హైదరాబాదు రాజ్యంలో 1884 నుంచి అధికార భాష ఉర్దూ కనుక మిసలు (కేసు కాగితాలు), పేషీ (వాయిదా), గవాహీ (సాక్ష్యం), ఫైసలా (తీర్పు) అన్నీ ఆ భాషలోనే నడిచేవి. ఉద్యోగం మానిన తరువాత కూడా, ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు కూడా, ఆయనకు ముద్దయి అంటే తన భూమి కోసం కోర్టుకెక్కిన రైతే. ‘పాపం, ముద్దయి ఇరవై పేషీలు తిరిగిండు’ అని ఆయన ఒకసారి అన్నప్పుడు, నేరం చేసినవాని మీద ఇంత జాలి ఎందుకని నేను అడిగాను. ఆయన నా వైపు ఆశ్చర్యంగా చూశారు. బడి పుస్తకంలో నేను నేర్చుకున్న అర్థమూ ఇంట్లో బతికి ఉన్న అర్థమూ ఎదురెదురు పక్షాలని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక ఫౌజ్‌దారీ, అంటే క్రిమినల్, కేసుల విషయానికి వస్తే, ఆ కోర్టు భాషలో ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు ‘ముల్జిం’, నేరం చేసినవాడు ‘ముజ్రిం’. మొదటిది ఇల్జాం, అంటే ఆరోపణ, నుంచి వచ్చింది. రెండవది జుర్మ్, అంటే నేరం, నుంచి వచ్చింది. మనం కట్టే జరిమానా కూడా ఈ జుర్మ్ సంతానమే. చెవికి దగ్గరగా వినిపించే ఈ రెండు మాటల మధ్య ఒక మనిషి జీవితమంతా ఉన్నది. తెలుగులో ఆ తేడాను చూపడానికి నిందితుడు, దోషి అనే చక్కని మాటలు మనకు ఉన్నాయి. నింద పడినవాడు నిందితుడు, దోషం రుజువైనవాడు దోషి. వీటికి ముందు మెట్టు అనుమానితుడు. అతని మీద ఇంకా నింద కూడా పడలేదు.

ఈ వేసవిలో నేను చదివిన మూడు నవలలను ఈ దృష్టితో చూశాను. ఒకటి 1940ల నాటి మన జిల్లా కథ. గడీ, కచ్చీరు, మోటబావి కళ్ళకు కట్టేటట్లు రాసిన ఆ రచయిత, హత్య కేసు విచారణలో మాత్రం కోర్టు బంట్రోతు చేత నిందితుణ్ణి ‘ముద్దాయి’ అని పిలిపించారు. ఆ కాలపు ఉర్దూ కోర్టులో ఆ పిలుపు వినిపిస్తే లేచి నిలబడేది వేరే మనిషి. అంత శ్రద్ధగా కట్టిన లోకం ఆ ఒక్క మాట దగ్గర బీటవారింది.

రెండవది నేటి పోలీసు కథ. ప్రశ్నించడానికి స్టేషనుకు పిలిచిన యువకుణ్ణి, ఏ పాత్రా అనకముందే, కథకుడే ‘నేరస్థుడు’ అన్నాడు. చివరకు అతడు నిరపరాధి అని తేలినప్పుడు నన్ను మోసం చేసినవాడు హంతకుడు కాదు, కథకుడు. అంతేగాక అందులో అసలు హంతకుడు సీఐ ముందు నేరం ఒప్పుకోగానే ‘నేరం రుజువైంది’ అని కథ ముగించారు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితునికి వ్యతిరేకంగా రుజువు చేయకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షనులోనూ అదే నియమం ఉన్నది. ఒప్పుకోలు వేరు, రుజువు వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని దాటించడమే పరిశోధకుని పని కదా!

మూడవ నవల నాకు ఎంతో నచ్చింది. అందులో ఆ అబ్బాయి మొదట ‘ఆ యువకుడు’. అరెస్టు జరిగిన అధ్యాయం నుంచి ‘నిందితుడు’. తీర్పు వచ్చిన తరువాతి వాక్యంలో మొట్టమొదటిసారి ‘దోషి’. ఊరివాళ్ళు మాత్రం తొలి రోజు నుంచే ‘ఖూనీకోరు’ అంటారు. తల్లి చివరి పేజీ దాకా ‘మా పిల్లగాడు’ అంటుంది. ఎవరు ఏ మాట అంటున్నారో గమనిస్తే చాలు, ఆ పాత్ర అతణ్ణి ఎంతవరకు నమ్ముతున్నదో అర్థమవుతుంది. రచయిత ఎక్కడా తన తీర్పు చెప్పలేదు.

వనపర్తి నుంచి ఒక సభ్యుని అభ్యంతరం:
మీ వివరణ విలువైనదే గాని, జనం వాడుకే అర్థానికి ప్రమాణం. పత్రికలూ సినిమాలూ ముద్దాయిని నిందితుడనే అర్థంలో స్థిరపరిచిన తరువాత అరబీ ధాతువును పట్టుకొని దానిని తప్పు అనడం న్యాయమా?

నల్లగొండ నుంచి జవాబు:
న్యాయం కాదు, నేను తప్పు అనలేదు కూడా. నేటి కథలో ఒక కానిస్టేబులో, విలేకరో నిందితుణ్ణి ముద్దాయి అంటే అది సహజమైన తెలుగే. నా పట్టు రెండు విషయాల మీదనే. నిజాం కాలపు కోర్టును చూపించే రచయిత ఆ కాలపు అర్థాన్ని తెలుసుకోవాలి. కథకుడు తన గొంతుతో చెప్పేటప్పుడు రుజువు కాని నేరాన్ని మనిషి పేరుగా మార్చకూడదు.

ప్రశ్న అడిగిన సోదరికి ఒక మనవి. మీరు చదివిన నవలలో కేసు కొట్టివేసిన తరువాత ఆ మనిషిని ఏమని పిలిచారో చూసి చెప్పండి. ‘నిర్దోషి’ అనే మాటలో కూడా దోషి దాగి ఉన్నాడు, కోర్టు వదిలినా మాట వదలదు. మా తాతగారు అటువంటి సందర్భంలో ‘బరీ అయిండు’, అంటే విడుదలైనాడు, అనేవారు. ఆ మాటలో నేరం ప్రసక్తే వినపడదు. మన పక్క వయసు మళ్ళినవారు ఇప్పటికీ అంటారు గాని, నేను చదివిన ఏ నవలలోనూ అది కనిపించలేదు.