సమస్య: కడుపు నిండలేదు కాంత మురిసె

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. దీనికి ముందు మూడు పాదాలు రాసి పద్యాన్ని పూరించాలి.

కడుపు నిండలేదు కాంత మురిసె

కడుపు–నిండ–లేదు–కాంత–మురిసె: అయిదూ సూర్యగణాలే (మూడు లఘువులు, లేదా గురువు తరువాత లఘువు), మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాలకు క–కా యతి (అక్షర మైత్రి). సందర్భం నేనే చెబుతాను. పెళ్ళిరోజున దంపతులు టేస్టింగ్ మెనూకు వెళ్ళారు. అక్కడ మనం ఏరుకునేదేమీ ఉండదు. వంటవాడు ముందే అల్లిపెట్టిన వరుసలో పదో పన్నెండో చిన్న చిన్న వంటలు, తేలికవాటితో మొదలై బరువైనవాటి మీదుగా తీపి దాకా ఒక్కొక్కటే వస్తాయి. ఒక్కోటి రెండు ముద్దలకు మించదు. మొన్న మా పాతికేళ్ళ పెళ్ళిరోజుకు అలా కూర్చున్నప్పుడే ఈ పాదం మనసులో మెదిలింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: కడుపు నిండకపోవడానికీ ఆమె మురవడానికీ, రెండింటికీ కారణం పద్యంలోనే కనబడాలి.

తేనెచుక్క:
గురువుగారికి నమస్సులు. నా పూరణ:

పాతికేళ్ళ పెళ్ళి పండుగ రాగానె
విందుశాల కేగి వేడ్క నొంది
కొద్ది కొద్ది గాను గోముగా దినిపింప
కడుపు నిండలేదు కాంత మురిసె

నిర్వాహకుడు:
తేనెచుక్క గారూ, మూడో పాదం చాలా బాగుంది. ‘కొద్ది కొద్దిగాను’ అనడంతో కడుపు నిండకపోవడానికి కారణం దొరికింది, ‘గోముగా’ అనడంతో మురిపానికీ దొరికింది. ఒక్క పాదంలో రెండూ చెప్పేశారు. ఒక చిన్న సవరణ: ‘తినిపింపన్’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట) కాబట్టి తరువాతి పరుషం (క) సరళం (గ) అవుతుంది. ‘తినిపింప గడుపు’ అనండి. గ–కా యతికి ఇబ్బంది లేదు, సంధి వల్ల వచ్చిన మార్పు కనుక సమస్యను మార్చినట్టూ కాదు. రెండో పాదంలోని ‘వేడ్క నొంది’ మాత్రం గణాల కోసం వచ్చి కూర్చున్నట్టుంది. ఆ చోట వంట గురించో వడ్డన గురించో ఒక మాట పడితే పద్యం ఇంకా చిక్కబడేది.

బాటసారి:
ఆటవెలది రాయడం నాకిది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

ఏడు వంటలైనవి యింక నేడు గలవు
చోటు మిగిలె నంచు సొంపు గులుక
మగని మోము జూచి మందహాసము జేసె
కడుపు నిండలేదు కాంత మురిసె

నిర్వాహకుడు:
బాటసారి గారూ, ఊహ కొత్తగా ఉంది. విందు సగంలో ఉంది, ముందు ఇంకో ఏడు వంటలున్నాయి, కడుపులో చోటూ ఉంది, అందుకే సంతోషం! కడుపు నిండకపోవడమే మురిపానికి కారణమైంది. సమస్యలోని వైరుధ్యాన్ని ఇంతకన్నా సూటిగా విప్పడం కష్టం.

మొదటి పాదంలోనే చిక్కు. ఏడు–వంట–లైన దాకా మూడు సూర్యగణాలు సరిపోయాయి. ఆ తరువాత ఇంద్రగణం రావలసిన చోట ‘వియింక’ అని జగణం (లఘువు, గురువు, లఘువు) పడింది. ఇంద్రగణాల్లో జగణానికి చోటు లేదు. ఏ–వి యతి కూడా కుదరదు. పాదం మార్చి చూడండి.

బాటసారి:
ధన్యవాదాలు. ఇలా అయితే?
ఏడు వంటలయ్యె, నేడింక గలవట

నిర్వాహకుడు:
ఇప్పుడు గణాలు సరిపోయాయి. ‘వంటలయ్యెను + ఏడింక’ కనుక ఏ–ఏ స్వరయతి (అచ్చుకు అచ్చుతో యతి). అయితే వినేవారికి ‘నేడు’, అంటే ఈ రోజు, అని తోచే ప్రమాదముంది. చదివేటప్పుడు ‘వంటలయ్యె’ దగ్గర కాస్త ఆగండి. ‘చేసె’ దగ్గర వాక్యం ముగిసి విరామం వచ్చింది కాబట్టి చివరి పాదంలో ‘కడుపు’ అలాగే ఉండవచ్చు.

పాతబంగారం:
అందరి పూరణలూ చదివాను. నాకు సమస్యలోనే ఒక అభ్యంతరం. ఒక్కో పళ్ళెంలో రెండు ముద్దలే అయినా పన్నెండు పళ్ళేలు తిన్నాక కడుపు నిండదా? మేము వెళ్ళినప్పుడు చివరి తీపి వచ్చేసరికి చెంచా ఎత్తలేకపోయాం. అందుకని విరుపుతో ప్రయత్నించాను.

చిన్న పళ్ళె మనుచు జింతించె దొలుదొల్త
వరుస వరుస గాను వచ్చె రుచులు
వెలితి యన్న దింక వెదకిన నెచ్చోట
గడుపు నిండ, లేదు, కాంత మురిసె

నిర్వాహకుడు:
పాతబంగారం గారూ, నమస్కారం! మీ అభ్యంతరం న్యాయమైనదే, జవాబు అంతకన్నా బాగుంది. కొత్తవారి కోసం విడమరుస్తాను. ‘నిండన్’ అంటే నిండగా. ‘కడుపు నిండగా, వెలితి అన్నది వెదికినా ఎక్కడా లేదు’ అని అన్వయం. ‘లేదు’ కడుపును వదిలి వెలితిని పట్టుకుంది. ఒక్క అక్షరం కదపకుండా అర్థం తలకిందులైంది, విరుపు అంటే ఇదే. మొదట చింతించిన మనిషి చివర మురవడంతో పద్యానికి నడకా వచ్చింది. రెండో పాదం ఇంకా నచ్చింది. ఐరోపా విందుల్లో అన్ని వంటలూ ఒకేసారి బల్లమీద పరిచే ఫ్రెంచి పద్ధతి 19వ శతాబ్దంలో వెనుకబడి, ఒకటి తీశాక మరొకటి తెచ్చే రష్యన్ పద్ధతి నిలబడింది. టేస్టింగ్ మెనూ ఆ ‘వరుస వరుస’ మీదే బతుకుతోంది. అన్నీ ఒకేసారి పెడితే అది మామూలు భోజనమే.

వెన్నెలవాన:
ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయలేదు. పిల్లలిద్దరూ చదువులకు వెళ్ళిపోయాక వచ్చిన మొదటి పెళ్ళిరోజున మేమూ ఇలాంటి విందుకు వెళ్ళాం. ఒక పళ్ళేనికీ మరో పళ్ళేనికీ నడుమ పావుగంట. ఆ పావుగంటల్లో ఆయన చెప్పిన కబుర్లు కొన్ని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను మొదటిసారి విన్నాను. ఏం తిన్నామో ఇప్పుడు చాలావరకు గుర్తు లేదు.

మూడు గంటలట్టె ముచ్చట మూటలు
పిల్లలెదిగినాక విప్పుకొనగ
జిట్టి వంటలన్ని చెదరని రుచి నింప
గడుపు నిండలేదు కాంత మురిసె

నిర్వాహకుడు:
వెన్నెలవాన గారూ, ఈ వారం నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన పూరణ ఇది. కొసరి కొసరి పెట్టే ఆ విందు తిండిని తగ్గించి తీరికను పెంచుతుంది. ఆ తీరికే మురిపానికి కారణమని ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు. ‘ముచ్చట మూటలు విప్పుకొనగ’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ విందుల్లో అన్నిటికన్నా ముందు వచ్చే ఒక్క ముద్దను ఫ్రెంచిలో అమ్యూజ్ బూష్ అంటారు, నోటిని అలరించేది అని అర్థం. మీ పద్యంలో ఆ పని ముచ్చట్లే చేశాయి. ‘రుచి నింప, గడుపు నిండలేదు’ అన్న చోట నింపడమూ నిండకపోవడమూ పక్కపక్కన పడ్డాయి, చెవికి ఎంతో హాయిగా ఉంది.

ఒక్క మాట మార్చుకోండి. రుచి చెదరదు, చెరుగుతుంది. ‘చెరగని రుచి నింప’ అంటే గణమూ మారదు, యతీ పోదు.

పాతబంగారం:
‘పిల్లలెదిగినాక’ అన్న చోట నాకు గొంతు పట్టేసింది. మాదీ అదే కథ. నేను విరుపు వెంట పరుగెత్తాను, ఈమె తన అనుభవాన్నే పద్యం చేశారు.

వెన్నెలవాన:
సవరించాను గురువుగారూ. ఆయనకు చదివి వినిపించాను కూడా.

జిట్టి వంటలన్ని చెరగని రుచి నింప
గడుపు నిండలేదు కాంత మురిసె