మూడో కాయిల్‌గా పెద్దది కొనాలా, చిన్నది కొనాలా? (విక్టోరియా బంగారు నేలలు, జీపీఎక్స్ 6000)

తంగేడు (మెల్‌బోర్న్)

అందరికీ నమస్కారం. నేను ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి ఇచ్చే అనుమతి పత్రం) తీసుకుని, డునాలీ, టార్నగల్లా, వెడ్డర్‌బర్న్ పరిసరాల్లో అనుమతి ఉన్న అడవుల్లో వీలైన వారాంతాల్లో బంగారం వెతుకుతుంటాను. నా మెటల్ డిటెక్టర్ మైన్‌ల్యాబ్ జీపీఎక్స్ 6000తో పాటు నేలపై ఊపే కాయిల్స్ రెండు వచ్చాయి: 11 అంగుళాల మోనో (ఒకే చుట్ట ఉన్నది), 14 అంగుళాల డీడీ (రెండు చుట్టలు ఉన్నది). ఇప్పుడు మరొక్క కాయిల్‌కు మాత్రమే డబ్బు తీయగలను. 17×13 అంగుళాల పెద్ద మోనో కొంటే లోతున ఉన్న ముక్కలు తగులుతాయని కొందరు, కాయిల్‌టెక్ వారి 10×5 అంగుళాల చిన్న మోనో కొంటే ఇతరులకు వినిపించని చిన్న ముక్కలు తగులుతాయని కొందరు అంటున్నారు. రెండు పక్షాలవారూ తమకు దొరికిన ముక్కల ఫొటోలు చూపిస్తున్నారు గాని కారణాలు చెప్పడం లేదు. దయచేసి ఇక్కడ కారణాలతో వాదించండి.

ఇనుపరాయి (బెండిగో)

చిన్నదే కొనండి. ఏ కాయిల్ ఎంత లోతుకు వెళ్తుందన్నది కాదు, మీరు తిరిగే నేలలో ఇంకా ఏం మిగిలి ఉందన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఆ ఊళ్ల చుట్టూ 1850ల నుంచి తవ్వకాలు జరిగాయి. పైమట్టిని బంకమట్టి వరకు చెక్కి కడిగిన చోట్లు నేటికీ చెట్ల మధ్య పల్లాలుగా కనిపిస్తాయి. 1970ల చివర్లో డిటెక్టర్లు వచ్చిన తరువాత అదే నేలపై ఒక తరం యంత్రం వెనుక మరో తరం యంత్రం నడిచింది. మీ జీపీఎక్స్ లాంటి పల్స్ ఇండక్షన్ యంత్రం ఒక విద్యుత్ పల్స్ పంపి, అది ఆగిన తరువాత లోహంలో మిగిలిన సుడి ప్రవాహాలను (ఆ పల్స్ లోహంలో పుట్టించిన చిన్న కరెంట్లను) వింటుంది. గ్రాములో పదో వంతు బరువున్న ముక్కలో ఆ ప్రవాహాలు కొన్ని మైక్రోసెకన్లలోనే చల్లారిపోతాయి. పాత యంత్రాలు అంతకంటే ఆలస్యంగా వినడం మొదలుపెట్టేవి కాబట్టి పెద్ద ముక్కలను తీసుకుపోయి చిన్నవాటిని వదిలేశాయి. మీ యంత్రం త్వరగా వినగలదు. దాని బలం ఎక్కడ ఉందో ఆ బలానికి సరిపోయే కాయిల్ ఇవ్వడం న్యాయం.

లోతు గురించి కలలు కనేవారికి రెండు ఉదాహరణలు చెబుతాను. 1869లో మోలియగల్ దగ్గర దొరికిన వెల్‌కమ్ స్ట్రేంజర్ నేలకు 3 సెంటీమీటర్ల అడుగున ఉంది. 1980లో కింగవర్ దగ్గర డిటెక్టర్‌తో దొరికిన హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ 27 కిలోలకు పైగా బరువు తూగింది. అది కూడా ఒక అడుగు లోతులోనే ఉంది. ఇక బసాల్టు రాతి కింద పదుల మీటర్ల లోతున ఉన్న పాత నదీగర్భాల బంగారాన్ని ఏ కాయిల్ చూడలేదు.

లోతుచూపు (బాలరాట్)

ఇనుపరాయి గారి మొదటి పేరా మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు. రెండో పేరా మాత్రం తర్కానికి నిలవదు. దొరికినవాటి లోతును చూసి మిగిలినవాటి లోతును నిర్ణయించకూడదు. పైన ఉన్నవి దొరికాయి కాబట్టే అవి పైన ఉన్నట్టు మనకు తెలుసు. రెండడుగుల లోతున ఉన్న ముక్క గురించి చరిత్రలో రాసి ఉండదు, ఎందుకంటే అది ఇంకా అక్కడే ఉంది.

రెండో సంగతి, బరువు లెక్క. 10 గ్రాముల ముక్క ఒకటి దొరికితే అది 0.2 గ్రాముల ముక్కలు 50 దొరికినదానితో సమానం. ఆ యాభైలో ప్రతి ఒక్కదానికీ వంగాలి, తవ్వాలి, గుంట పూడ్చాలి. మధ్యలో వచ్చే తుప్పు మేకులు, తూటా ముక్కలు, బూటు చీలల సంగతి ఆ లెక్కలో చేర్చడం లేదు.

మూడోది, కొత్త చోటు వెతకడం. వారాంతంలో కొన్ని గంటలే చేతిలో ఉన్న మనిషి 10×5 కాయిల్‌ను తగినంత నెమ్మదిగా ఊపుతూ ఒక వాలును పూర్తి చేయలేడు. పెద్ద కాయిల్ ఒక్కో ఊపులో ఎక్కువ నేలను కప్పుతుంది. ముందు పెద్దదానితో బంగారం పడిన ప్రాంతాన్ని గుర్తించి, ఆ తరువాత 11 అంగుళాలదానితో దాన్ని శుభ్రం చేయడమే నా పద్ధతి.

ప్రేరకం (హైదరాబాద్)

నేను ఎలక్ట్రానిక్స్ బోధించేవాణ్ణి. ఆస్ట్రేలియా బంగారు నేలపై ఎన్నడూ నడవలేదు కాబట్టి నా మాటను లెక్కవరకే తీసుకోండి. యంత్రం ప్రతి కాయిల్ నుంచి దాదాపు ఒకే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును చుట్ట అడ్డుకునే గుణం) ఆశిస్తుందనీ, కరెంటు మారదనీ అనుకుందాం. అప్పుడు కాయిల్ పెద్దదయ్యేకొద్దీ చుట్లు తగ్గించవలసి వస్తుంది. కాయిల్ వ్యాసార్ధం ఆర్, కాయిల్ నుంచి ముక్కకు దూరం జెడ్ అనుకుంటే, సరిగ్గా మధ్యగీత కింద ఉన్న చిన్న ముక్క నుంచి తిరిగి వచ్చే సంకేతం, ఆర్‌ను (ఆర్ వర్గం + జెడ్ వర్గం)తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసినంత ఉంటుంది. మోనో కాయిల్ పంపడానికీ వినడానికీ ఒకే చుట్టను వాడుతుంది కాబట్టి పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి నష్టం జరుగుతుంది. ఘనం అందువల్లే వస్తుంది.

10×5 అంగుళాల దీర్ఘవృత్తాన్ని అంతే వైశాల్యమున్న వృత్తంగా తీసుకుంటే వ్యాసార్ధం సుమారు 9 సెంటీమీటర్లు. 17×13కు సుమారు 19. ముక్క 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చిన్న కాయిల్ సంకేతం పెద్దదానికంటే దాదాపు 5 రెట్లు బలంగా ఉంటుంది. 20 సెంటీమీటర్ల దగ్గర తారుమారై పెద్దది 2.4 రెట్లు, 30 దగ్గర 4.4 రెట్లు బలంగా ఉంటుంది. రెండూ సమానమయ్యే దూరం ఆ రెండు వ్యాసార్ధాల లబ్ధానికి వర్గమూలం, అంటే ఇక్కడ 13 సెంటీమీటర్లు. కాబట్టి మీ ఇద్దరి వివాదం నిజానికి ఒక్క ప్రశ్నకు తగ్గుతుంది: తంగేడు గారు తిరిగే చోట బంగారం 13 సెంటీమీటర్లకు పైన ఉందా, కింద ఉందా? ఈ దూరంలో కాయిల్‌కూ నేలకూ మధ్య ఉన్న ఖాళీ కూడా కలిసి ఉంటుందని మరచిపోకండి.

ఆ ఖాళీ గురించే ఇంకొక్క మాట. ముక్క 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు కాయిల్‌ను మరో 3 సెంటీమీటర్లు ఎత్తితే చిన్న కాయిల్ తన సంకేతంలో 60 శాతానికి పైగా పోగొట్టుకుంటుంది, పెద్దది మూడో వంతు మాత్రమే పోగొట్టుకుంటుంది. చిన్న కాయిల్ కొన్నవారు దాన్ని నేలను రాసుకుంటూ నడపలేకపోతే కొన్న ప్రయోజనమే పోతుంది.

ఇనుపరాయి (బెండిగో)

ప్రేరకం గారి లెక్క చాలా ఉపయోగకరమైనది, కాని అందులో మట్టి లేదు. విక్టోరియా నేలలో ఇనుపరాయి గులకలు, మాఘిమైట్ అనే అయస్కాంత ఖనిజపు సన్నని రేణువులు ఉంటాయి. అడవి మంటల వేడికి కూడా ఆ ఖనిజం ఏర్పడుతుంది. పల్స్ ఆగిన తరువాత ఈ రేణువుల అయస్కాంతత్వం ఒక్కసారిగా పోకుండా మెల్లగా సడలుతుంది, ఆ సడలింపును కూడా యంత్రం వింటుంది. యంత్రం దాన్ని గ్రౌండ్ బ్యాలెన్స్‌తో తీసివేస్తుంది, కాని అడుగడుగుకూ మట్టి మారుతుంటే మిగిలిపోయేది చప్పుడే. పెద్ద మోనో ఎక్కువ మట్టిని ఒకేసారి చూస్తుంది కాబట్టి ఆ చప్పుడు పెరుగుతుంది, దాంతో వాడేవారు సున్నితత్వం తగ్గిస్తారు లేదా చప్పుడు చేసే నేల కోసం ఉన్న డిఫికల్ట్ సెట్టింగ్‌కు మారుతారు. కాగితం మీద 20 సెంటీమీటర్ల దగ్గర వచ్చిన 2.4 రెట్ల లాభంలో ఎంత మిగులుతుందో అప్పుడు చూడాలి. విద్యుత్ లైన్ల నుంచి, దూరపు మెరుపుల నుంచి వచ్చే అలజడిని కూడా పెద్ద చుట్ట ఎక్కువగా పట్టుకుంటుంది.

ఎత్తు విషయంలో ఆయన చెప్పినది పూర్తిగా నిజం, అది నా పక్షానికే సాయం. బాక్స్ ఐరన్‌బార్క్ అడవిలో రాలిన కొమ్మలు, పొదలు, పాత గుంతల గట్లు ఉంటాయి. 17×13 కాయిల్ వాటి మీదుగా తేలుతూ పోతుంది. 10×5 ముక్కు చెట్ల వేళ్ల మధ్యకు కూడా దూరుతుంది.

లోతుచూపు (బాలరాట్)

చప్పుడు చేసే నేలలో పెద్ద మోనో వాడమని నేను అనలేదు. బంకమట్టి లేత రంగులో, ఖనిజం తక్కువగా ఉన్న పల్లాలు, కొట్టుకొచ్చిన మట్టి మందంగా పేరుకున్న వాగుల అంచులు అక్కడ చాలానే ఉన్నాయి. చిన్న కాయిల్ వారు వాటిలోకి రారు, ఎందుకంటే అక్కడ వారికి ఏమీ వినిపించదు.

ఉప్పుసరస్సు (కాల్గూర్లీ)

మోనోల మధ్య జరుగుతున్న ఈ పోరులో తంగేడు గారి పెట్టెలోనే ఉన్న 14 అంగుళాల డీడీని అందరూ మరిచారు. మోనో కాయిల్ క్షేత్రం కిందికి పోయేకొద్దీ శంకువులా సన్నబడుతుంది కాబట్టి లోతు ముక్క కావాలంటే ఒక ఊపుకూ తరువాతి ఊపుకూ కనీసం సగం కాయిల్ ఒకదానిపై ఒకటి పడాలి. డీడీలో రెండు చుట్టలు మధ్యలో ఒకదానిపై ఒకటి కలుస్తాయి, ముందు నుంచి వెనుకకు పొడుగ్గా ఒక పట్టీలా వింటుంది. అందుకే ఊపుల మధ్య ఖాళీలు తక్కువగా మిగులుతాయి. ఒకే పరిమాణంలో మోనో కొంత ఎక్కువ లోతు చూస్తుందన్నది నిజమే. అయితే పశ్చిమ ఆస్ట్రేలియాలో తడి ఉప్పు నేలపై మోనో నిలవలేక గోల చేసినప్పుడు డీడీతో నిశ్శబ్దంగా పని చేసుకోవచ్చు. విద్యుత్ లైన్ల దగ్గర కూడా అంతే. జీపీఎక్స్ 6000లో అలజడిని రద్దు చేసే ప్రత్యేక పద్ధతి డీడీ తగిలించినప్పుడే పని చేస్తుంది. కొత్తది కొనకముందు ఉన్నదాన్ని పూర్తిగా వాడారా అని ఆయన్నే అడుగుతున్నాను.

ఏ కాయిల్ అయినా కొన్ని పనులు తప్పవు. కేబుల్ కడ్డీకి గట్టిగా చుట్టి ఉండాలి, వదులుగా ఊగితే దొంగ సంకేతాలు వస్తాయి. అడుగు తొడుగును తరచూ విప్పి కడగాలి, ఎందుకంటే కాయిల్‌కూ తొడుగుకూ మధ్య చేరిన ఇనుప మట్టి ప్రతి ఊపులోనూ కదులుతుంది. కాయిల్ మార్చిన ప్రతిసారీ గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేయాలి. పైపైన ఉన్న చిన్న ముక్కకు మోనోలో చుట్ట ఉన్న అంచు దగ్గర సంకేతం బలంగా ఉంటుంది, డీడీలో మధ్యగీత దగ్గర ఉంటుంది. ఇది తెలియకపోతే గుంట పక్కన గుంట తవ్వుతూ ఉండవలసి వస్తుంది.

తొలకరి (కర్నూలు)

వానలు పడగానే మా వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాలు వెతకడం మీకు తెలిసిందే. ఆ పనికి ఈ చిన్న కాయిల్ పనికి వస్తుందా?

ప్రేరకం (హైదరాబాద్)

పనికి రాదండి. వజ్రం లోహం కాదు, విద్యుత్తును పోనివ్వదు, కాబట్టి ఏ కాయిల్ కిందా అది పలకదు. అక్కడ కళ్లే పరికరం. మరొక విషయం, మన దేశంలో నేలలో దాచిన పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఆస్ట్రేలియా పద్ధతులను ఇక్కడికి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.

తంగేడు (మెల్‌బోర్న్)

అందరికీ ధన్యవాదాలు. నేను తిరిగే చోట్లలో ఎక్కువ భాగం పైమట్టి చెక్కిన వాలులే. అక్కడ బంకమట్టి ఒక బెత్తెడు లోతులో, కొన్నిచోట్ల అంతకంటే పైనే తగులుతుంది. ఆ లెక్కన నేను చిన్న కాయిల్ వైపు మొగ్గుతున్నాను. వాగుల అంచుల్లో మాత్రం లోతుచూపు గారి మాట నన్ను వెనక్కి లాగుతోంది. డీడీని విద్యుత్ లైన్ల కింద తప్ప వాడలేదని ఉప్పుసరస్సు గారి ప్రశ్నకు జవాబు.

లోతుచూపు (బాలరాట్)

అయితే కొనకముందు ఒక పని చేయండి. రెండు రకాలూ ఉన్న మిత్రుడు ఎవరైనా ఉంటే ఆయనతో కలిసి మీ వాగు అంచుకు వెళ్లండి. ఒక కాయిల్‌కు అనుమానపు సంకేతం రాగానే తవ్వకండి. అక్కడ ఒక గుర్తు పెట్టి, యంత్రానికి రెండో కాయిల్ తగిలించి, గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, అదే గుర్తు మీదుగా ఊపి, ఏది ఎంత స్పష్టంగా పలికిందో రాసుకున్న తరువాతనే తవ్వి లోతు కొలవండి. ఇంటి వెనుక కొత్తగా గుంట తీసి సీసపు ముక్క పాతి చేసే పరీక్షలను నమ్మకండి, ఎందుకంటే కదిపిన మట్టి కదపని మట్టిలా ప్రవర్తించదు. ఇనుపరాయి గారు కూడా తమ వాలుల మీద ఇదే చేసి, పెద్దదానికి మాత్రమే పలికిన గుర్తులను కూడా దాచకుండా ఇక్కడ రాయాలని కోరుతున్నాను.

ఇనుపరాయి (బెండిగో)

రాస్తాను. మీరు కూడా చిన్నదానికి మాత్రమే పలికినవి రాయండి, తూటా ముక్కలతో సహా.