ఎస్టీ కోటా, వికలాంగుల కోటా: ఒకటి వదులుకోవాలా?

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, తాడేపల్లి):
మా దగ్గర చదివిన ఒక యానాది అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. కాలువ గట్టున గుడిసెలో ఉండే ఆ కుటుంబంలో ఇంటర్ దాకా వచ్చింది ఆమె ఒక్కతే. డిగ్రీలో చేరేందుకు వెళితే, ఎస్టీ కోటానో వికలాంగుల కోటానో ఏదో ఒకటే రాయాలన్నారట. అది నిజమేనా? పైగా సదరం (వైకల్య ధ్రువపత్రాలు ఇచ్చే) శిబిరంలో ఆమె వైకల్యాన్ని 40 శాతం కంటే తక్కువగా నమోదు చేశారు. వినికిడి పరీక్షలో శబ్దం వినబడినప్పుడే చెయ్యి ఎత్తాలని సైగలతో చెప్పినవారు లేకపోవడంతో, ఎదుటివారి ముఖం చూసి ఎత్తుతూ పోయిందని తల్లి అంటోంది.

జవాబు (న్యాయవాది, గుంటూరు):
ఏదీ వదులుకోనక్కర్లేదు మేడమ్. ఎస్టీ రిజర్వేషన్ నిలువుగా (ఒక్కో సామాజిక వర్గానికి విడిగా), వికలాంగులది అన్ని వర్గాలకూ అడ్డంగా వర్తిస్తుందని 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగుల కోటాలో ఎంపికైన ఎస్టీ అభ్యర్థిని ఎస్టీ వరుసలోనే చూపుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఖాళీలు వికలాంగులకు కేటాయించాలి. అయితే ఇవన్నీ కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉన్నవారికే. కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఆ పరీక్ష సంగతి. అదే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేస్తూ, చెయ్యి ఎత్తే పని లేకుండా మెదడు స్పందనను నమోదు చేసే బెరా పరీక్ష జరపాలని కోరండి.

జవాబు (రేపల్లె):
నేనూ యానాదినే. అమ్మాయికి కనీసం పరీక్ష దాకా వెళ్లే దారి దొరికింది. రొయ్యల చెరువుల కాపలాకు ఊళ్లు మారే మా కుటుంబాల్లో చాలామంది పిల్లలు ఇళ్లలోనే పుడతారు. జనన పత్రం లేక ఆధార్ రాదు, ఆధార్ లేక గ్రామ సచివాలయంలో సదరం స్లాటు దొరకదు. గిరిజనులంటే మన్యంలోనే ఉంటారనుకునే అధికారులకు మైదానంలోని మేము కనబడం.

ఇంటి స్థలం విషయం కూడా అడగండి టీచర్ గారూ. గృహ పథకాల్లో వికలాంగులకు 5 శాతం, అందులోనూ స్త్రీలకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టంలోని 37వ సెక్షన్ చెబుతోంది. కాలువ గట్టు అభ్యంతరకర పోరంబోకు (ఇళ్లకు ఇవ్వకూడని ప్రభుత్వ భూమి) కనుక అక్కడ పట్టా ఇవ్వరు. వేరే చోట స్థలం కోరుతూ తహసీల్దారు గారికి అర్జీ పెట్టించి, రసీదు తీసుకోండి.

జవాబు (ఉపాధ్యాయురాలు, తాడేపల్లి):
ఇద్దరికీ కృతజ్ఞతలు. అప్పీలుకు పాత ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష ఫలితం) నకలు జతచేయాలా?

జవాబు (న్యాయవాది, గుంటూరు):
జతచేయండి. నకలు కోసం ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. పరీక్ష రోజున సైగల భాష తెలిసినవారిని వెంట ఉండనివ్వాలని అప్పీలులోనే రాయండి.