యాభై డాలర్లకి పాట అమ్ముకున్నాడు, విల్లీ నెల్సన్‌ది తప్పేనా?

పాతరికార్డు:
అమెరికా కంట్రీ సంగీతం (అక్కడి పల్లె బాణీ) గాయకుడు, పాటల రచయిత విల్లీ నెల్సన్ మాటొస్తే చాలు, అందరూ "పాపం, మోసపోయాడు" అంటారు. నాకైతే చేజేతులా పోగొట్టుకున్నాడనే అనిపిస్తుంది. హ్యూస్టన్‌లో ఉన్న రోజుల్లో తను రాసిన పాటలు ‘ఫ్యామిలీ బైబిల్’ని 50 డాలర్లకి, ‘నైట్ లైఫ్’ని 150 డాలర్లకి హక్కులతో సహా అమ్మేశాడు. మొదటిది 1960లో క్లాడ్ గ్రే పాడితే హిట్టయింది, రచయితల్లో నెల్సన్ పేరే లేదు! అదే ఇంకో కంట్రీ గాయని డాలీ పార్టన్‌ని చూడండి. తను రాసిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ని ఎల్విస్ ప్రెస్లీ అంతటి స్టార్ పాడతానన్నాడు, కానీ ఆయన మేనేజర్ కర్నల్ పార్కర్ పబ్లిషింగ్ హక్కుల్లో (పాట మీద వచ్చే రాబడిలో) సగం రాసివ్వమంటే కుదరదనేసింది. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడాక అదే పాట అమెరికాలో 14 వారాలు నంబర్ వన్. పాట అమ్ముకోకూడదు, అంతే.

గోదారిగట్టు:
పోలికే తప్పండీ. ఎల్విస్ అడిగేసరికి ఆ పాట 1974లో డాలీ గొంతులోనే కంట్రీ చార్టుల్లో నంబర్ వన్. 1967 నుంచి పోర్టర్ వ్యాగనర్ టీవీ షోలో ఆమె ముఖం ఇంటింటికీ తెలుసు. నెల్సన్‌కి అప్పటికి పెళ్లాం, ముగ్గురు పిల్లలు, చేతిలో రేడియోలో చిన్న ఉద్యోగం. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో కూర్చుని హక్కుల గురించి ఎవరు ఆలోచిస్తారు?

పాతరికార్డు:
డాలీ ఏమన్నా జమీందారు బిడ్డా? టెన్నెస్సీ కొండల్లో పన్నెండు మంది పిల్లల ఇల్లు. 1964లో హైస్కూల్ అవ్వగానే నాష్‌విల్ బస్సెక్కింది.

నైట్‌డ్యూటీ:
ఇద్దరూ కొనుక్కున్నవాణ్ణి వదిలేశారు. పాల్ బస్కర్క్ నెల్సన్‌కి గిటార్ నేర్పే పని కూడా ఇచ్చిన మనిషి, దొంగేం కాదు. పైగా నెల్సన్ ఉన్న రికార్డు కంపెనీ ‘నైట్ లైఫ్’ అసలు కంట్రీ పాటే కాదు పొమ్మంటే, కంపెనీకి తెలియకుండా బస్కర్క్ బృందం పేరుతో, గాయకుడి దగ్గర హ్యూ నెల్సన్ అని వేసి రికార్డు చేశారు. కంపెనీయే వద్దన్న పాటకి 150 ఇచ్చినవాణ్ణి ఏమని తిడతాం?

నా సంగతీ చెప్తాను, నవ్వకండి. 2009లో ఓ ప్రైవేట్ ఆల్బమ్‌కి నాలుగు పాటలు రాశాను. మొత్తానికి మూడు వేలు చేతిలో పెట్టారు, కవర్ మీద నా పేరు లేదు. డబ్బు తక్కువైనందుకు కాదు, ఊళ్లో వినాయకుడి పందిట్లో ఆ పాట మోగుతుంటే అది నాదని చెప్పినా ఎవరూ నమ్మలేదు చూడండి, అదీ బాధ. 50 డాలర్లు ఖర్చయిపోతాయి, పేరు మాత్రం పోయిందే.

గోదారిగట్టు:
అయ్యో. అందుకేగా మన దగ్గర 2012లో కాపీరైట్ చట్టం మార్చారు, సినిమా పాటైనా ఆల్బమ్ పాటైనా రచయిత రాయల్టీ వాటా వదులుకుంటానని సంతకం పెట్టినా ఇప్పుడు చెల్లదు. మీకది మూడేళ్లు ఆలస్యంగా వచ్చింది.

పాతరికార్డు:
నైట్‌డ్యూటీ గారూ, పేరు విషయంలో ఒప్పుకుంటున్నాను. కానీ నెల్సన్ అంతటితో ఆగలేదు కదా! ‘హలో వాల్స్’ని కూడా 500 డాలర్లకి ఇచ్చేస్తానని గాయకుడు ఫారన్ యంగ్ వెంటపడ్డాడు. ఆయనే "అమ్మకు, కావాలంటే అప్పిస్తాను" అని 500 చేతిలో పెట్టాడు. 1961లో అది తొమ్మిది వారాలు కంట్రీ నంబర్ వన్. అదే ఏడు నెల్సన్ రాసిన ‘క్రేజీ’ని గాయని ప్యాట్సీ క్లైన్ పాడింది. ఎదుటివాడు మంచివాడు కాబట్టి బతికిపోయాడు, తన తెలివితో కాదు.

గోదారిగట్టు:
బావుంది, మరి తోటి పాటల రచయిత హ్యాంక్ కాక్రన్‌ని ఏ లెక్కలో వేస్తారు? పాంపర్ మ్యూజిక్ అనే పాటల పబ్లిషింగ్ కంపెనీలో తనకి పెరగాల్సిన జీతం వదులుకుని నెల్సన్‌ని పాటల రచయితగా పెట్టించాడు. వారానికెంతో తెలుసా, అదే యాభై డాలర్లు!